ఓబులయ్య కూతురి ఇహ్రాం

లబ్బైక్ అంటున్నారు అందరూ, నేనూ అంటున్నాను, వచ్చాను దేవా వచ్చాను అని, ముందు సీట్లో మైకు పట్టుకున్న మా గుంపు పెద్ద ఖుర్షీద్ ఆపా గొంతు వెంబడి బస్సు నిండా ఆడగొంతులే, అంతలో నా కింద ఏదో తడి తగిలింది. చెమటేమో అనుకున్నాను. ఏసీ చలికి పళ్లు టకటకలాడుతున్న బస్సులో చెమట ఎక్కడిది? అయినా చెమటే అనుకున్నాను, ఇంకొకటి అనుకోవడానికి నాకు ధైర్యం లేదు. నడుము కింద ఆ పాత గుంజుడు మొదలయ్యాక ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడాది కావస్తోంది అది కనబడి. గుడ్డల గొడవ తీరిపోయిందని, పెద్దదాన్నయిపోయానని, ఇక నా ఒంటికి నేనే యజమానినని ఎంత మురిసిపోయాను! పోయిందనుకున్న చుట్టం పెట్టెతో సహా గుమ్మంలో దిగినట్టు, ఇప్పుడా, ఇక్కడా? కిటికీ తెరుద్దామని చెయ్యి పెట్టాను. ఈ బస్సు కిటికీలు తెరుచుకోవు. ఒకటే అద్దం, దాని అవతల నల్లరాళ్ల గుట్టలు, ఇసుక, మళ్లీ నల్లరాళ్ల గుట్టలు.

మదీనా ఎప్పుడో వెనకపడింది. ఊరు దాటగానే ఉన్న మసీదులో దిగి, స్నానాలు చేసి, రెండు రకాతుల నమాజు చదివి, ఉమ్రా యాత్ర చేస్తానని నియ్యత్, సంకల్పం, చెప్పుకుని బస్సెక్కాం. ఆ మాట నోటితో అన్నామంటే ఇహ్రాం అనే దీక్షలోకి వచ్చినట్టే. మగవాళ్లకు కుట్టులేని తెల్లబట్టలు ఉంటాయి, మాకు రోజూ వేసుకునేవే, కానీ కట్టుబాటు మాత్రం అందరికీ ఒకటే. మక్కాలో కాబా చుట్టూ తిరిగి, రెండు కొండల నడుమ నడిచి, చివరికి జడ కొస కాస్త కత్తిరించుకునేదాకా అందులోంచి బయటికి రాకూడదు. నెలసరిలో ఉన్న ఆడది కాబా చుట్టూ తిరగకూడదు. మీ ఊళ్లో, మా ఊళ్లో, ఏ ఊళ్లో అడిగినా ఈ మాట తప్పదు. అంటే ముందుకు పోయే దారి మూసుకుంది, వెనక్కి తిరిగే దారి నేనే మూసుకుని వచ్చాను. ఆగితే ఆగొచ్చు, నిలిచిపోయాక స్నానం చేసి తిరగొచ్చు. కానీ ఎల్లుండి రాత్రికి జెద్దాలో మా విమానం. ఈ వయసులో వచ్చింది ఎల్లుండికి నిలుస్తుందా? ఒకసారి మొదలైతే పదేసి రోజులు పీడించి గానీ వదలదని మా ఆడబిడ్డ చెప్పేది, అప్పుడు నవ్వాను ఆమెను చూసి.

పక్క సీట్లో జబీ నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లలా. ఇంకా ఇరవై దాటని పిల్ల. మొగుడు జెద్దా షరఫియాలో టైలరు, పెళ్లయిన నెలకే ఇక్కడికి వచ్చేశాడు, మళ్లీ కనపడింది లేదు, రేపు మక్కాకు వస్తానన్నాడట, అందుకని మదీనాలో ఉన్నన్నాళ్లూ గోరింటాకు ఎర్రగా పండిందా లేదా అని చేతులు నాకు చూపిస్తూనే ఉంది. దీనికే ఇచ్చాను నా మాత్రలు. కడపలో బయలుదేరేముందు డాక్టరమ్మ అందరికీ ఇచ్చింది, నెలసరి రాకుండా ఆపేవి, యాభై లోపు వాళ్లంతా మింగాల్సిందే అని ఆపా ఆర్డరు. నాకవసరం లేదంటే వినలేదు, సరే పోనీ అని మింగుతూ వచ్చాను. మదీనా హోటల్లో జబీ తన మాత్రలు స్నానాలగది నీళ్లలో పడేసుకుని ఏడుస్తూ కూర్చుంది. మందుల షాపుకు పోవాలంటే ఆపాకు చెప్పాలి, ఆపాకు చెబితే భోజనాల దగ్గర అందరి ముందూ కడిగేస్తుంది. "నాకు ఎందుకే ఇంక ఇవి, ముసలిదాన్ని, నువ్వు ఏసుకో," అని నా మాత్రల అట్ట దాని చేతిలో పెట్టాను. పెట్టి ఎంత గొప్పగా నిద్రపోయాను ఆ రాత్రి. మధ్యలో ఆపితే రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందమ్మా, ఆపకండి అని డాక్టరమ్మ అన్నది ఇప్పుడు గుర్తొస్తోంది, చల్లగా, ఆమె గొంతుతో సహా. నాలో చచ్చిపోయిన దాన్ని నేనే లేపి కూర్చోబెట్టుకున్నాను. మంచి పని చేశానని అనుకున్నానే!

తల దురద పెడుతోంది. గోకితే వెంట్రుక రాలుతుందేమో, ఇహ్రాంలో వెంట్రుక తెంపుకోకూడదు, గోరు తీసుకోకూడదు, అత్తరు పూసుకోకూడదు, చీమను కూడా చంపకూడదు, కోపం తెచ్చుకోకూడదు, జగడమాడకూడదు. ముఖం కప్పుకోకూడదు. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. మామూలు రోజయితే ఈ ముఖాన్ని ముసుగు వెనక దాచేసుకుని హాయిగా ఏడ్చేదాన్ని. ఇప్పుడు ముఖం బయటే ఉంది, ఎవరు వెనక్కి తిరిగినా చదివేస్తారు. కాళ్లు దగ్గరగా ముడుచుకుని, మొహం మీద నవ్వులాంటిది పెట్టుకుని, లబ్బైక్ అంటున్నాను. లేవకూడదు. లేస్తే సీటు కనబడుతుంది. దిగే చోటు వస్తే ఏం చెయ్యాలి? సంచిలో గుడ్డ లేదు, ఏమీ లేదు, తీరిపోయిందనుకున్నదాన్ని ఎందుకు పెట్టుకుంటాను? దూదేకులవాళ్ల బిడ్డను, దూదేకులవాళ్ల కోడలిని, ఒక్క పిడికెడు దూదికి గతిలేక కూర్చున్నాను.

దూది ఉంది. మెడ వెనక దిండు ఉంది. నన్నే సాహెబ్ కుట్టిచ్చాడు, నా మొగుడు, బస్సుల్లో మెడ పట్టేస్తుందని. ఊరందరికీ పరుపులు కుట్టే ఇంట్లో ఇన్నేళ్లూ మేం చాప మీదే పడుకున్నాం, మన సొమ్ము మనకెక్కడ వాడుకుంటాం అంటాడు. ఈ ప్రయాణమనేసరికి ఏమనుకున్నాడో, మంచి బూరుగు దూది తెచ్చి, గింజ లేకుండా ఏరి, చిన్న దిండు కుట్టి, నా ముందు పడేసి, "ఏసుకోని పో, ఆడ నీ మెడ ఎవురు పిసుకుతారు," అన్నాడు. అదే ఆయన ప్రేమ, అంతకన్నా ఎక్కువ రాదు ఆయనకు. ఇప్పుడు ఆ దిండును బురఖా కిందికి లాక్కుని కుట్టు వెతుకుతున్నాను. కుట్టు గట్టిది, ఆయన కుట్లు ఊడవని మా వైపు పేరు. గోటితో లాగుతున్నాను మెల్లగా, గోరు విరిగితే ఏమవుతుందోనని భయం, కుట్టు తెగకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. ఒక దారం తెగింది. వేలు లోపలికి పోయింది. మెత్తగా, వెచ్చగా తగిలింది దూది, కళ్లమ్మట నీళ్లు ఆగలేదు, చప్పున అద్దం వైపు తిరిగాను.

నాయన ఏకుతున్నప్పుడు దూది ఇంతే మెత్తగా ఉండేది. పైకప్పుకు కట్టిన పెద్ద విల్లు, దాని నారి మీద కొయ్యగుండుతో కొడితే టంయ్ టంయ్ మని మోగేది, గుట్టలా ఉన్న దూది పొగలా లేచేది, నడుమ నాయన తెల్లగా కనబడేవాడు, గడ్డం తెలుపు, కనుబొమలు తెలుపు, నిజానికి అప్పటికి ఆయనకు ఒక్క వెంట్రుకా నెరవలేదు. శుక్రవారం జమ్మలమడుగు మసీదుకు పోయి చివరి వరసలో నిలబడేవాడు, తన ఒంటి మీది దూది పక్కవాళ్లకు అంటుతుందని. పెద్ద చదువేమీ లేదు, నమాజుకు కావలసిన నాలుగు చిన్న సూరాలు వచ్చు, వాటిని కూడా పెదవి కదపకుండా చదివేవాడు, తప్పు పలికితే ఎవరైనా వింటారని. రంజానులో ఒక్క రోజా వదలలేదు, ఎండాకాలపు ఉపవాసంలో కూడా విల్లు దించలేదు. పేరు ఓబులయ్య. పిల్లలు నిలవకపోతే నాయన తల్లి, మా జేజి, అహోబిలం పోయి మొక్కుకుందట, పుట్టినవాడికి ఆ సామి పేరు పెట్టింది. మా వాళ్లలో ఇలాంటి పేర్లు కొత్త కాదు, మా వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. మా ఇంట్లో నమాజూ ఉండేది, తెలుగూ ఉండేది, ఓబులయ్యా ఉండేవాడు, ఒకదానికొకటి అడ్డం రాలేదు.

అడ్డం వచ్చింది ఆయన పోయిన రోజు. జనాజా ముందు పెట్టుకుని చివరి నమాజుకు నిలబడ్డారట మగవాళ్లంతా, దాన్ని చదివించడానికి పక్క ఊరి నుంచి వచ్చిన కొత్త హజ్రత్ పేరు అడిగాడట. ఓబులయ్య అన్నారు. ఇదేం పేరు, ఇట్లా ఎట్లా దువా చేయడం, ఉబైదుల్లా అందాం అన్నాడట. సరే అన్నారు అందరూ. శ్మశానానికి ఆడవాళ్లం పోము కదా, నేను ఇంట్లో నాయన మంచం పట్టుకుని కూర్చున్నాను, సాయంత్రం నన్నే సాహెబ్ వచ్చి కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు, మామకు మంచి పేరు పెట్టినారు, ఉబైదుల్లా, బాగుండాది గదా అని. నాకు లోపల భగ్గుమంది. ఇన్నేళ్లు దూది మింగి బతికిన మనిషి పేరు, మట్టిలోకి పోయే ముందు గంటలో ఎవరో తీసేసి వేరే పేరు తగిలించి పంపారు. ఎవరి కోసం దువా చేశారు వాళ్లు? అక్కడ పిలుపు వచ్చినప్పుడు ఉబైదుల్లా ఎవరని అడిగితే నాయన లేచి నిలబడతాడా? ఆయనది అసలే మొహమాటం, చివరి వరసలో నిలబడే మనిషి. ఇది పిచ్చి ఆలోచనే, దేవుడికి తెలియదా ఎవరెవరో, తెలుసు, నాకు తెలుసు ఆయనకు తెలుసని. అయినా ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక పట్టుకుంది. కాబా ముందు నిలబడి, నా నోటితో, ఓబులయ్య, నా తండ్రి, అని ఒక్కసారి చెప్పాలి. అందుకే వచ్చాను. ఇంకేం అడగడానికి రాలేదు, నాకు ఇంకేమీ వద్దు.

ఆపాకు కూడా తెలుసు నా నాయన పేరు. పాస్‌పోర్టు చేతికి తీసుకున్న రోజే చూసి, "ఓబులయ్య? మీరు ముస్లింలే గదా?" అంది, అందరి ముందూ. మదీనాలో ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని మంచిగానే చెప్పింది, అక్కడ దువాలో ఉబైదుల్లా అను మాబున్నీ, అట్లాంటి జాగాలో ఆ పేరు ఎందుకు అని. నేను తల ఊపాను. ఆపా ఉర్దూలో చెప్పే బయానులో, ఆ మంచిమాటల్లో, సగం నాకు అర్థం కాదు, అర్థమైనట్టు తల ఊపడం అలవాటైపోయింది. ఇప్పుడు ఈ సంగతి చెబితే ఏమంటుందో నాకు బాగా తెలుసు.

చెప్పకపోతే? ఎవరికి తెలుస్తుంది? నల్ల బురఖా, లక్షల మంది జనం, ఈ దూది ఉంది, గట్టిగా పెట్టుకుని గుంపులో కలిసిపోతే సరి. ఆపా చెయ్యి పట్టుకుని తిరుగుతాను, ఒక్కో చుట్టులో ఓబులయ్య ఓబులయ్య అంటాను, పని అయిపోతుంది, విమానమెక్కేస్తాను. ఎవరు చూడొచ్చారు? ఎందుకు చెప్పాలి? నా తప్పా ఇది? ఆ పిల్ల ఏడ్చిందని మాత్రలు ఇచ్చినందుకా ఇది? కోపం తెచ్చుకోకూడదు. కోపం వచ్చేసింది. దేవుడి మీదా, నా మీదా, నోరు తెరుచుకుని నిద్రపోతున్న దీని మీదా. కానీ అట్లా దొంగతనంగా పోయి నిలబడి నాయన పేరు చెబితే, అదీ ఒక అబద్ధంలో చెప్పినట్టే కదా? ఆయనను ఒకసారి అబద్ధంతో పంపారు. నేను రెండోసారి పంపనా? దూది ఇంకాస్త లాగాను. పిడికిలి నిండింది. ఊపిరి మాత్రం ఆడడం లేదు, ఇంత పెద్ద బస్సులో, ఇంత పెద్ద ఎడారిలో నాకు ఊపిరి ఆడడం లేదు.

బస్సు ఆగింది. పెట్రోలు బంకు, పక్కనే చిన్న మసీదు, డ్రైవరు ఫారూఖ్ వెనక్కి తిరిగి సాయంత్రపు అస్ర్ నమాజు టైమైంది, పావుగంటలో రావాలని ఉర్దూలో కేకేశాడు. ఆడవాళ్లంతా చేతిసంచులు పట్టుకుని దిగుతున్నారు. నేను కదల్లేదు. జబీ కళ్లు నులుముకుని లేచి నడవలో నిలబడి, నన్ను చూసి, "రా ఖాలా," అంది. రాలేనని తల ఊపాను. ముందు నుంచి ఆపా వచ్చింది.

"ఏం మాబున్నీ, దిగవా? కాళ్లుచేతులు కడుక్కోని వుజూ చేసుకోవాల, టైము అయితాంది."

"నాకు నమాజు లేదాపా."

మా వైపు ఆడవాళ్లు ఆ మాటే అంటారు, దానికి ఇంకో అర్థం చెప్పక్కర్లేదు. ఆపా ముఖం మారిపోయింది. "ఎప్పట్నుంచి?"

"బస్సెక్కినంక."

"మాత్రలు తినలేదా నువ్వు?"

"నడుమ ఆపేసినా. నాకెందుకులే అనుకున్యా."

"ఆపితే వస్తాదని డాక్టరమ్మ మీకు నెత్తిన కొట్టి చెప్పలేదా? మీ వాళ్లకు ఎంత చెప్పినా ఇంతే!" అంది ఆపా. మీ వాళ్లు అంది. జబీ తల వంచుకుని నిలబడింది, గోరింటాకు చేతులు బురఖాలో దాచుకుంది, నోరు తెరవబోయింది, నేను దాని వంక చూసి వద్దన్నాను. చూపుతోనే. ఒక్కరికి పడ్డ తిట్లు చాలు.

ఆపా నా పక్కన కూర్చుంది, పెద్దగా నిట్టూర్చింది. తిట్టాక చల్లబడే మనిషి. "చూడు, ఇది గుణా కాదు, పాపం కాదు. రూములో ఉండు. ఇహ్రాం అట్లనే ఉంటాది, తియ్యొద్దు. దువా చేసుకో, అది ఎప్పుడన్నా చెయ్యొచ్చు. ఎల్లుండి లోపల నిలిస్తే నేనే తీసకపోతా నిన్ను, చెయ్యి పట్టుకోని."

"నిలవకపోతే?"

ఆపా బయటికి చూసింది. "టికెట్లు గ్రూపువి మాబున్నీ. నిలవకపోతే ఎట్లనో, ఆడ మక్కాలో పెద్దవాళ్లను అడగాల. నేను వట్టిమాట చెప్పను." చెప్పలేదు కూడా. నాకు అది నచ్చింది. అప్పుడే మళ్లీ అంది, "మీ నాయన కోసం బాధపడాకు. కాబా చుట్టూ తిరిగేటప్పుడు, తవాఫులో నేను చేస్తా దువా. ఉబైదుల్లా గదా?"

నా నోరు నా ప్రమేయం లేకుండానే తెరుచుకుంది. "కాదాపా. ఓబులయ్య."

"అది నాకు తెలుసు. కానీ ఆడ..."

"ఆడ గూడా ఓబులయ్యే. ఉబైదుల్లా ఎవరో నాకు తెల్దు. ఆయన కోసం నేను రాలే."

ఆపా లేచి దిగిపోయింది. జబీ కూడా ఆమె వెంట పోయింది. బస్సు ఖాళీ అయింది, ఏసీ ఆగింది, ఎండ అద్దంలోంచి నేరుగా వచ్చి ఒళ్లో పడింది. దూది పట్టుకుని దిగి, మసీదు వెనక ఉన్న స్నానాలగదుల్లోకి పోయి, చెయ్యాల్సింది చేసుకుని, సంచిలోని తువ్వాలు సీటు మీద పరుచుకుని మళ్లీ కూర్చున్నాను. మసీదు లోపల ఆడవాళ్లు ఒకే వరసగా వంగుతున్నది తలుపు సందులో కనబడింది. నేను ఆ వరసలో లేను. మక్కాలో కూడా ఉండను. హోటలు గదిలో ఉంటాను, అందరూ వచ్చి ఎలా చూశారో చెబుతారు, కళ్లు ఎర్రగా చేసుకుని, నేను అన్నాలు పెడతాను వాళ్లకు. ఇంత దూరం వచ్చి, ఒక గది మారాను, అంతే. అక్కడ మా ఊళ్లో పరుపుల కొట్టు, ఇక్కడ హోటలు. నాయన మీద కూడా కోపమొచ్చింది నాకు, ఇంకేదైనా పేరు పెట్టుకోలేకపోయావా అని. వెంటనే ఆయన తెల్ల కనుబొమలు గుర్తొచ్చి సిగ్గేసింది.

జబీ అందరికన్నా ముందు వచ్చింది. కూర్చుంది. నా బురఖా మీద తెల్లగా అంటుకున్న దూదిపోగులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఒళ్లో ఉన్న దిండు చూసింది, తెగిన కుట్టు చూసింది. "నా వల్లనే గదా ఖాలా."

అవును, నీ వల్లనే అనాలనిపించింది. నాలిక దాకా వచ్చింది. "నీ వల్ల ఏం కాదులే. నా దయాగుణం వల్ల," అన్నాను. అది నవ్వబోయి ఏడ్చింది. దాని ఏడుపు చూస్తే నాకు మళ్లీ మదీనా గదే గుర్తొచ్చింది, దీన్ని ఓదార్చడమే నాకు పనైపోయింది.

"నేను చెప్తా ఖాలా. చుట్టు చుట్టుకీ చెప్తా. మీ నాయన పేరు నేను చెప్తా."

వద్దనిపించింది. నా నోటితో చెప్పాలని కదా వచ్చింది, ఈ పిల్ల నోటితోనా, నిన్నగాక మొన్న పరిచయమైన పిల్ల, మొగుడి ధ్యాసలో మరిచిపోయే పిల్ల? అసూయ అంటే ఇదే కాబోలు, చేదుగా ఉంది. కానీ ఇంకెవరున్నారు? దీని ఒళ్లు ఈ రోజు శుభ్రంగా ఉందంటే నా మాత్రల వల్లే కదా. అక్కడ నిలబడే దాంట్లో నా పాలు కొంచెం లేదా? "ఏమని చెప్తావు?" అన్నాను.

"ఓబులయ్య."

"దూదేకుల ఓబులయ్య అను. జమ్మలమడుగు అను."

"దూదేకుల ఓబులయ్య. జమ్మలమడుగు," అంది, పాఠం అప్పజెప్పినట్టు. నాయన పోయాక ఆ పేరును బయటివాళ్లు అలా నిండుగా పలకగా వినడం నాకు అదే మొదటిసారి.

అందరూ ఎక్కారు. బస్సు కదిలింది. మళ్లీ అవే గుట్టలు, అదే అద్దం, కింద తువ్వాలు, నడుములో ఆ గుంజుడు. మక్కా దగ్గరపడేముందు పోయినవాళ్ల కోసం దువా చేయడం ఆపాకు అలవాటు, మదీనాలో ఒక్కొక్కరినీ అడిగి గుర్తుపెట్టుకున్న పేర్లను మైకులో చెబుతుంది, చెప్పిన ప్రతి పేరుకూ బస్సంతా ఆమీన్ అంటుంది. మొదలుపెట్టింది. ఎవరి అమ్మో, ఎవరి అత్తో, ఎవరి చంటిబిడ్డో. ఆమీన్. ఆమీన్. నా సీటు వరస వచ్చింది. మైకులో ఆపా ఊపిరి వినబడింది, మాట వినబడలేదు. ఉబైదుల్లా అంటుందేమోనని దిండును గట్టిగా పట్టుకున్నాను. "మాబున్నీ వాళ్ల అబ్బా," అంది ఆపా. పేరు చెప్పలేదు. ఆ పేరూ చెప్పలేదు, ఈ పేరూ చెప్పలేదు. ఆమీన్ అనడానికి అందరూ నోళ్లు తెరిచేలోగా నా పక్క నుంచి జబీ లేచి నిలబడింది, ముందు సీటు పట్టుకుని, సన్నటి గొంతు బస్సు చివరి దాకా పోయేట్టు, "దూదేకుల ఓబులయ్య, ఆపా. జమ్మలమడుగు," అంది.

ఎవరూ వెనక్కి తిరగలేదు. అలవాటైన నోళ్లు, ఎవరు ఏమిటని చూసుకోకుండా, అన్నీ ఒక్కసారే ఆమీన్ అన్నాయి. కొంచెం ఆలస్యంగా మైకులోంచి ఆపా గొంతు కూడా అంది. కుట్టు ఊడిన దిండును ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, నేనూ అన్నాను.